మావయ్య ఛాతీలో ఎద్దు ఎముక

ఆమె ఒక్క అరుపు అరిస్తే, గోల్‌లోకి పోతున్న బంతి గాల్లోనే ఆగి, కాసేపు ఆలోచించుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయింది. మూడువేలమంది కళ్లారా చూశారు.

సరే, మూడువేలమంది కాదు. విరిగిన బల్లలు తీసేస్తే ఆ మైదానంలో నాలుగువందలమందికి మించి చోటు లేదు. బంతి ఆలోచించుకుందన్నది కూడా కాస్త ఎక్కువే. ఆ రోజు ఎదురుగాలి వీచింది, పక్కన గోల్ స్తంభం కూడా ఉంది. అరుపు మాత్రం నిఖార్సయిన నిజం. దానికి ముందు జరిగిందీ, వెనక జరిగిందీ కూడా నిజమే. అందులో నవ్వుకోవడానికి ఉన్నది తక్కువ.

పద్దెనిమిదేళ్ల వయసులో ఎక్స్‌రే కోర్సు చదవడానికి ఆమె ఆ ఊళ్లో బస్సు దిగింది. చేతిలో ఒక ఇనప ట్రంకు, చంకలో ఒక దుప్పటి, నోట్లో రోజుకు పది మాటలు. అంతకంటే ఎక్కువ మాటలు ఎప్పుడూ వెంట తెచ్చుకునేది కాదు. అది ఫౌండ్రీ ఊరు. ఇసుకతో మూసలు కట్టి, కరిగిన ఇనుము పోసి, చల్లారాక ఆ ఇసుకంతా దులిపి, రైలు బ్రేకు దిమ్మలూ మురుగుకాలువ మూతలూ తీసేవాళ్లు. ఊళ్లో ఏ కిటికీ అంచు మీద వేలు పెట్టి గీసినా నల్లగా అంటుకునేది. ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిదరంగుకి తిరిగేది.

ఆమెకు గది దొరికింది ఫౌండ్రీ క్వార్టర్ల రెండో వరుసలో. కింద రెండు గదులు, తొమ్మిది మెట్లు ఎక్కితే పైన ఒకటి. ఆ క్వార్టరు మూసల షెడ్డులో పనిచేసే ఒకాయనది. పెళ్లి చేసుకోలేదు. భర్త పోయిన అక్కగారిని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. ఆ అక్కగారిని పిల్ల మొదటివారమే పిన్నీ అనడం మొదలుపెట్టింది, కాబట్టి తమ్ముడు మావయ్య అయ్యాడు. ఊరికి మాత్రం ఆయన "తలుపు". ఫౌండ్రీ ఫుట్‌బాల్ జట్టుకి పద్నాలుగేళ్లుగా గోల్‌కీపరు. బంతి ఆపితే "తలుపేశాడ్రా" అనేవాళ్లు. వదిలితే ఏమనేవాళ్లో ఇక్కడ రాయనక్కర్లేదు.

మొదటి ఆదివారం మధ్యాహ్నం పిన్ని మెట్ల కింద నిలబడి కేకేసింది.

"అమ్మాయ్, దిగు. మ్యాచ్‌కి పోవాలి."

"నేను రాను పిన్నీ. చదువుకోవాలి."

"ఇంటికి తాళం చెవి ఒకటే. నిన్ను లోపలుంచి తాళం వెయ్యలేను, తలుపు బార్లా తీసి పోలేను. పుస్తకం తెచ్చుకో."

పుస్తకం తెచ్చుకుంది. అది ఆ రోజు తెరుచుకోలేదు, ఎందుకంటే మైదానానికి వెళ్లగానే పిన్ని బల్లమీద ఆటకి వీపు పెట్టి కూర్చుంది. అందరి మొహాలూ అటు, ఈవిడ మొహం ఇటు.

"వాడు గోల్‌లో నిలబడితే నేను చూడలేనే. గుండె ఆగిపోతుంది. మా ఆయనున్నన్నాళ్లూ ఆయన చెప్పేవారు. ఆయన దగ్గుతో పోయాక చెప్పేవాళ్లు లేరు. నువ్వు చెప్పు."

"ఏం చెప్పాలి?"

"ఏం జరిగితే అది."

పిల్ల చాలాసేపు చూసింది. చివరికి, "బంతి అటు పోయింది" అంది.

"ఎటే?"

"అటు."

"నాకేమన్నా వీపుకి కళ్లున్నాయా? అటంటే ఎటు? ఎవడి కాలికింద ఉంది? మావాడేం చేస్తున్నాడు?"

రోజుకు పది మాటలతో సరిపెట్టుకునే పిల్లకి ఆ తొంభై నిమిషాల్లో ఆర్నెల్ల సరుకు ఖర్చయిపోయింది. రెండో ఆదివారం గొంతు పోయింది. నాలుగో ఆదివారానికి గొంతు తిరిగి వచ్చింది, మునుపటిది కాదు, ఇంకోటి. రెండు వరుసల అవతల కూర్చున్నవాళ్లు కూడా ఆట చూడ్డం మానేసి ఆమె చెప్పేది వినడం మొదలుపెట్టారు. "మైకు" అని పేరు పడింది. రిఫరీ తప్పు చేస్తే ఆ తప్పు ఆయన తాతగారి దాకా ఎలా పాకిందో మైకు వివరంగా చెబుతుంటే, రిఫరీ కూడా ఒకసారి తిరిగి చూసి తలదించుకున్నాడు.

జట్టు గొప్పదేం కాదు. అట్టడుగునుంచి లెక్కపెడితే తొందరగా దొరికేది. అయినా ఒక సోమవారం టెలిఫోన్ బూత్‌నుంచి ఇంటికి ఫోన్ చేసి,

"చదువెలా ఉందమ్మా?" అని నాన్న అడిగితే,

"మూడు ఒకటి తేడాతో ఓడిపోయాం" అంది.

"ఎవరు?"

"మేం."

ఆ "మేం" నోట్లోంచి వచ్చాక ఆమే ఆశ్చర్యపోయింది. రిసీవరు పెట్టేసి బూత్‌లోనే కాసేపు నిలబడింది. అప్పటిదాకా ఆ మాట వాడుకోవడానికి ఆమెకు ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ లేరు.

ఆ ఏడాదే ఎద్దు భుజం విరిగింది. ఎద్దు అంటే జట్టులో కుడివైపు డిఫెండరు. ఫౌండ్రీలో పని బయట యార్డులో, తయారైన సరుకు లారీలకెక్కించడం. అవతలివాణ్ణి గుద్దుకుంటే కర్ర విరిగిన చప్పుడు బల్లలదాకా వినబడింది. ఎద్దు లేచి, కుడిచెయ్యి బనీనులోకి దూర్చుకుని, మిగతా ఇరవై నిమిషాలూ ఆడాడు. మర్నాడు పొద్దున్న ఆసుపత్రికొచ్చాడు. అక్కడ ఎక్స్‌రే గదికి పెద్ద అయిన మాస్టారు, "మీ జట్టువాడే, నువ్వే తియ్యి" అని పిల్లని ముందుకు తోశాడు. ఆమె బతికున్న మనిషికి తీసిన మొదటి ఫిల్మ్ అది. మెడకింద ఎముక రెండు ముక్కలై, ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంది. పట్టుమని పదిరోజులు ఆగకుండా ఎద్దు పనిలోకి పోయాడు. రెండు నెలలకి ఆమే మళ్లీ ఫిల్మ్ తీస్తే, ఎముక అలాగే వంకరగా అతుక్కుని, నడిమధ్యన వేలి కణుపంత బొడిపె కట్టి ఉంది. మొదటి మనిషి కదా, ఆ బొడిపెని ఆమె కళ్లు మూసుకుని కూడా గియ్యగలదు.

రెండో ఏడు ఫౌండ్రీ మనుషుల ఛాతీ పరీక్షలొచ్చాయి. ఏడాదికోసారి, రోజుకు నలభైమంది. ఒక్కొక్కడు వచ్చి తన నంబరున్న రేకు టోకెను చూపిస్తాడు, మాస్టారు ఆ నంబరు సీసపు అంకెలతో ఫిల్మ్ పెట్టె మూల అమరుస్తాడు, ఛాతీ ఆనించమంటాడు, ఊపిరి పట్టమంటాడు, పొమ్మంటాడు. పెట్టె గోడలో ఉన్న చిన్న కిటికీలోంచి చీకటిగదిలోకి వస్తుంది. చీకటిగదిలో పిల్ల ఉంటుంది. ఫిల్మ్ తీసి మందులో ముంచి, కడిగి, క్లిప్పులకి తగిలిస్తుంది. మనుషులెవరో ఆమెకు తెలియదు. తెల్లటి పక్కటెముకలూ, మూల ఒక నంబరూ, అంతే.

మూడోరోజు కడిగే తొట్టిలో 88 నంబరు ఫిల్మ్ తేలింది. మెడకింద కుడి ఎముక మీద బొడిపె. "ఓహో, ఎద్దుగారు" అనుకుంది. తర్వాత 319 వచ్చింది. అదే బొడిపె. 417. అదే. ఆమెకు నవ్వొచ్చింది. ఊళ్లో ఇంతమంది ఒకే చోట భుజం విరగ్గొట్టుకున్నారా అని ఎర్రలైటు కింద ఒక్కతే నవ్వుకుంది. తర్వాత 203 వచ్చింది.

203 ఆమె రోజూ చూసే నంబరు. పిన్ని ఇంట్లో గుమ్మం పక్కన మేకుకి వేలాడే రేకు టోకెను.

నాలుగు ఫిల్మ్‌లూ తడి ఆరకుండానే పట్టుకుని బయటికొచ్చింది.

"మాస్టారూ, ఈ నలుగురిదీ ఒకే ఛాతీ."

మాస్టారు వెలుగుపెట్టె మీద పెట్టి చూశాడు. చాలాసేపే చూశాడు.

"నంబర్లున్నాయా?"

"ఉన్నాయి."

"ఊపిరితిత్తులు ఉన్నాయా?"

"ఉన్నాయి, కానీ అవి ఎద్దుగారివి."

"మొహం ఫిల్మ్ మీద పడదమ్మా. పడనిదాని గురించి మనకెందుకు?" అని లైటు ఆర్పేశాడు. మళ్లీ గొంతు తగ్గించి చెప్పాడు. "ఫిల్మ్‌లో ఇసుక దుమ్ము మచ్చలుంటే వారంలో ఉద్యోగం పోతుంది. నెలలో క్వార్టరు పోతుంది. వాళ్ల ఏడుపేదో వాళ్లు ఏడుస్తున్నారు. ఎద్దు యార్డులో గాలికి పనిచేస్తాడు, వాడి ఛాతీ కడిగిన పలకలా ఉంటుంది. అరువిస్తాడు. ఊళ్లో అందరికీ తెలుసు, నీకు తప్ప."

ఆ సాయంత్రం మావయ్య పైగది కిటికీ గడియ బాగుచెయ్యడానికి వచ్చాడు. గదిదాకా రాలేదు. మూడో మెట్టుమీద కూర్చున్నాడు, పక్కన సుత్తి పెట్టుకుని. ఆమె పైనుంచి దిగి రెండు మెట్ల పైన కూర్చుంది.

"మావయ్యా, మీ ఛాతీలో ఎద్దుగారి ఎముక ఉంది."

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

"ఎద్దు ఛాతీ అందరికీ సరిపోతుందే. దర్జీ కొలిచి కుట్టినట్టు."

"నవ్వులాట కాదు. అసలు ఫిల్మ్ తీయించుకోండి. నేను తీస్తాను."

"తీసి?"

"తెలుస్తుంది కదా."

"నాకు తెలీదనుకున్నావా మైకూ? ఈ మెట్లు తొమ్మిది. పోయినేడాది పైదాకా ఎక్కి కూర్చునేవాణ్ణి. ఇప్పుడు మూడోదాని మీదున్నాను. దీనికి నీ ఎక్స్‌రే ఎందుకు?"

"పిన్నికి చెబుతాను."

ఆయన సుత్తి చేతిలోకి తీసుకుని దాని పిడిని బొటనవేలితో రుద్దాడు.

"ఏడు మ్యాచులున్నాయి. కింది లీగులోకి పడిపోతే మైదానం తీసేసి తుక్కు యార్డు పెడతామని ఆఫీసు గోడమీద కాగితం అంటించారు. చూశావుగా? నా తర్వాత ఉన్నవాడు బంతి వస్తుంటే కళ్లు మూసుకుంటాడు. ఏడంటే ఏడు. ఆ మర్నాడు నేనే వచ్చి నీ యంత్రానికి ఆనుకుని నిలబడతాను."

అప్పుడామె వద్దు అనొచ్చు. గట్టిగా అరవొచ్చు, అరవడం వచ్చు. కిందగదిలోనే ఉన్న పిన్నిని పిలవొచ్చు. కానీ ఆ వారం పాయింట్ల పట్టిక ఆమె నోటికొచ్చు. తలుపు లేకపోతే ఏడింట్లో ఎన్ని పోతాయో లెక్క కూడా వచ్చు.

"ఏడు మ్యాచులే. ఆ మర్నాడు రావాలి" అంది.

"ఒట్టు" అన్నాడాయన.

ఆ తర్వాతి ఆదివారాలు ఎలా గడిచాయో బల్లలమీద ఉన్నవాళ్లకి తెలియదు. తలుపు ప్రతి బంతి తర్వాతా ఎడమ స్తంభాన్ని కౌగిలించుకునేవాడు. "ఇన్నాళ్లకి పెళ్లి చేసుకున్నాడ్రా, స్తంభాన్ని!" అని జనం నవ్వేవాళ్లు. మైకు కూడా నవ్వించాలి కాబట్టి ఒకసారి, "పిల్ల కాస్త సన్నం, కానీ నిటారైన మనిషి" అంది. అందరూ పడిపడి నవ్వారు. వీపు పెట్టి కూర్చున్న పిన్ని కూడా నవ్వింది.

"మావాడేం చేస్తున్నాడే?"

"నిలబడ్డాడు పిన్నీ."

ఆయన మోకాళ్లమీద ఉన్నాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడూ నిలబడ్డాడు."

జరిగింది జరిగినట్టు చెప్పడమే ఆమె పని. ఆ పనిలో ఆమె ఆరు ఆదివారాలు అబద్ధాలు చెప్పింది. ఆ ఆరింట్లో జట్టు రెండు గెలిచింది, రెండు ఓడింది, రెండు సమం చేసింది. ఏడోదాంట్లో సమమైతే చాలు, గట్టెక్కుతారు.

ఏడోదాంట్లో ఆఖరి నిమిషానికి ఒకటి, ఒకటి. అవతలివాళ్ల కుర్రాడొకడు దూరంనుంచి ఎత్తి కొట్టాడు. బంతి అందరి తలలమీంచి వస్తోంది. తలుపు ఎడమ స్తంభం పట్టుకుని నడుము దాకా వంగిపోయి దగ్గుతున్నాడు. బంతిని చూడ్డం లేదు. అసలు దేన్నీ చూడ్డం లేదు. ఆమె బల్లమీద లేచి నిలబడి అరిచింది. మావయ్యా అని కాదు. "తలుపూ!" అని.

ఆ అరుపే మొదట చెప్పిన అరుపు. బంతి కుడి స్తంభానికి తగిలి ఠంగుమని మోగి, మైదానంలోకి తిరిగొచ్చింది. ఎద్దు దాన్ని ఊరవతలికి తన్నాడు. ఈల వేశారు. నాలుగువందలమంది ఒకరిమీద ఒకరు పడ్డారు. మైకు అరిస్తే బంతి వెనక్కి తిరిగిందని ఎవడో అన్నాడు, సాయంత్రానికల్లా ఊరంతా అదే కథ.

"ఏమైంది? ఏమైందే?" అని పిన్ని ఆమె చీరకొంగో ఏదో దొరికింది పట్టుకుని లాగింది.

"ఆగింది పిన్నీ!"

"వాడు ఆపాడా?"

"మావయ్యే ఆపాడు."

మర్నాడు ఆయన మాటతప్పకుండా వచ్చాడు, ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, కాన్వెంటు సిస్టరు ముందు నిలబెట్టిన పిల్లాడిలా. మాస్టారు ఆ పూట ఏదో పనుందని బయటికి వెళ్లిపోయాడు.

"నంబరు పెట్టొద్దు మావయ్యా. మనకోసమే తీస్తాను. ఎవరికీ తెలీదు."

"పెట్టు. నాదే పెట్టు. ఒక్కసారైనా నా నంబరు మీద నా ఛాతీ పడనీ."

రెండు, సున్నా, మూడు. సీసపు అంకెలు అమర్చి, ఆయన గడ్డం పైకెత్తి, భుజాలు ముందుకు తిప్పింది. "పీల్చండి. పట్టండి" అంది. పట్టలేకపోయాడు. ఫిల్మ్ చెదిరిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. నాలుగోసారి రెండు దగ్గుల మధ్య సందు చూసుకుని మీట నొక్కింది.

చీకటిగదిలో ఫిల్మ్ మెల్లగా పైకి తేలింది. ఆ ఊరి కిటికీ అంచుల మీద ఉండే దుమ్మంతా అక్కడ ఉంది. ఫిల్మ్ మీద అది తెల్లగా పడుతుంది, అంతే తేడా. పైనుంచి కిందిదాకా, నలుసు నలుసుగా, పక్కటెముకల సందుల్లో. బొడిపె లేదు. మెడకింద ఎముక సన్నగా, తిన్నగా, ఎక్కడా విరగకుండా ఉంది.

"ఏడు వారాలు ముందొస్తే ఏమన్నా తేడా ఉండేదా?" అని ఆమె డాక్టరుని అడిగింది.

"ఏడేళ్లు ముందు రావాల్సింది" అన్నాడాయన. ఓదార్పుగానే అన్నాడు. ఏడు వారాలకి లెక్క లేదని చెప్పాడు గానీ, ఆ ఏడు వారాలూ మావయ్య ఇసుకలోనే పనిచేశాడని ఆమెకు తెలుసు.

వారంలో ఉద్యోగం పోయింది. నెలలో క్వార్టరు పోయింది. ముగ్గురూ ఒక కుట్టుపనివాడి దుకాణం వెనక ఒకటిన్నర గదిలోకి మారారు. మావయ్య పడుకోలేడు, గోడకి ఆనించిన కుర్చీలోనే కూర్చునేవాడు. కుట్టుమిషన్ చప్పుడు ఆగితే ఆయన ఊపిరి వినబడేది, కాబట్టి మిషన్ ఆగకుండా ఉంటే బాగుండునని ఆడవాళ్లిద్దరికీ ఉండేది. ఆ మాట ఒకళ్లతో ఒకళ్లు అనుకోలేదు. కొత్త సీజను మొదలవడానికి పదకొండు రోజుల ముందు, పట్టపగలు, మిషన్ నడుస్తూండగానే పోయాడు. ఎప్పుడు పోయాడో అందుకే సరిగ్గా తెలియదు.

మొదటి మ్యాచ్ నాడు పిన్ని తాళం వేసింది. ఆ ఇంటికి కూడా చెవి ఒకటే.

"పద" అంది.

మైదానంలో ఎప్పటి బల్లమీదే కూర్చుంది. ఈసారి మొహం ఆటవైపు పెట్టి కూర్చుంది. ఇన్నేళ్లలో మొదటిసారి. అలవాటు కొద్దీ పిల్ల నోరు తెరిచింది.

"బంతి ఎడమవైపు..."

"చెప్పక్కర్లేదే. చూస్తున్నాను."

కొత్త కీపరు కళ్లు మూసుకున్నాడు. గోల్ పడింది. పిన్ని రెప్పవెయ్యకుండా చూసింది. కాసేపయ్యాక అటే చూస్తూ అడిగింది.

"ఆ రోజు బంతి వాడు ఆపాడన్నావు."

"అవును పిన్నీ."

"నాకు వీపుకి కళ్లు లేవు గానీ చెవులున్నాయే. స్తంభం మోగింది."

పిల్ల కుడి స్తంభం వైపు చూసింది.

"నిలబడ్డాడు, నిలబడ్డాడు అన్నావు. ఎన్నాళ్లనుంచి తెలుసు నీకు?"

"ఏడు మ్యాచుల నుంచి."

పిన్ని తల ఊపింది. తిట్టలేదు. చెంగుకి కట్టిన తాళం చెవి విప్పి బల్లమీద పెట్టి, లేచి, రెండు వరుసలు దిగి వేరే బల్లమీద కూర్చుంది. ఆ సీజనంతా అక్కడే కూర్చుంది. ఇంట్లో కూరా అన్నం వేసి పెట్టేది, బట్టలారేసేది, "చల్లారిపోతుంది తిను" అనేది. ఏం జరిగిందో చెప్పమని మాత్రం ఇంకెప్పుడూ అడగలేదు.

చదువైపోయాక ఆమెకు అదే ఆసుపత్రిలో, అదే గదిలో ఉద్యోగం వచ్చింది. మాస్టారు రిటైరై వెళ్లిపోయాడు. ఆ ఏడు ఫౌండ్రీ పరీక్షలకి ఆమె చీకటిగదిలో కూర్చోలేదు. వెలుతురులో నిలబడి ప్రతి మనిషి మొహం చూసింది. టోకెను అడిగేముందు మెడకింద కుడి ఎముక మీద వేలు పెట్టి చూసింది. మొదటిరోజు మధ్యాహ్నానికి ఎద్దు రెండోసారి వచ్చాడు, ఇంకో చొక్కా వేసుకుని, ఇంకో టోకెను పట్టుకుని.

"పోనీ మైకూ. ఒక్కటి. వాడికి ముగ్గురు పిల్లలు."

"వెళ్లి ఆయన ఛాతీ ఆయన్నే తెచ్చుకోమనండి."

"వాడు రోడ్డున పడతాడే."

"తెలుసండీ. మేం పడ్డాం."

ఆ ఏడు తొమ్మిదిమంది ఉద్యోగాలు పోయాయి. ఆదివారం ఆమె మైదానానికి వెళితే ఆమె కూర్చున్న బల్లమీదనుంచి మనుషులు ఒక్కొక్కరే లేచిపోయారు. ఆమె ముందున్న బల్లా ఖాళీ, వెనకున్న బల్లా ఖాళీ. ఆమె చివరిదాకా కూర్చుంది. తర్వాతి ఆదివారం వెళ్లలేదు. ఆ తర్వాత మూడో ఏడు మూసల షెడ్డులో ఇసుకమీద నీళ్లు చల్లే గొట్టాలు పెట్టారు, అదీ సగం షెడ్డుకే. అంత కష్టపడి గట్టెక్కించిన జట్టు ఆరేళ్లకి కింది లీగులో పడింది, మైదానం తుక్కు యార్డయింది. తుప్పుపట్టిన బ్రేకు దిమ్మల గుట్ట పక్కన ఒక గోల్ స్తంభం ఇంకా నిలబడే ఉందంటారు. అది కుడిదో ఎడమదో చెప్పగలిగేవాళ్లు తక్కువ.

ఇప్పటికీ ఆమె ఆ గదిలోనే పనిచేస్తోంది. ఛాతీ ఫిల్మ్‌కి వెళ్లినవాళ్లెవరైనా కుతూహలం కొద్దీ అడుగుతుంటారు, మీరు అరిస్తే బంతి వెనక్కి తిరిగిందటగా అని. ఆమె సీసపు అంకెలు అమరుస్తూ తలెత్తకుండా చెబుతుంది.

"ఎవరో కట్టిన కథండీ. నేనా మైదానంలో అడుగే పెట్టలేదు. చదువుకోవడానికొచ్చాను, చదువుకున్నాను. ఫుట్‌బాల్ అంటే నాకు పడదు. తలుపు అని ఎవరూ లేరు, ఎద్దూ లేడు. ఒకరి ఛాతీ ఇంకొకరు ఎక్కడన్నా తీయించుకుంటారా? నేను జన్మలో ఎప్పుడూ అరవలేదు. గడ్డం పైకెత్తండి."